షోర్వా వచ్చేలోగా

వంటింట్లో వెల్లుల్లి దంచే రోలు మోగుతోంది, కానీ అందులో ఉన్నది వెల్లుల్లి కాదని ఆ మోతని బట్టే బురుల్‌కి తెలిసిపోతోంది. వెల్లుల్లి అయితే రెండు దెబ్బలకి చితికి ఊరుకుంటుంది. ఇదేమో టక్కుమని ఎగిరి రోలంచుకి కొట్టుకుని మళ్ళీ కిందపడుతోంది, చోల్పోన్ మళ్ళీ దంచుతోంది, అది మళ్ళీ ఎగురుతోంది. పగలదే పిచ్చిపిల్లా, అంత తేలిగ్గా పగలకూడదనే కదా దాన్నలా చేసింది, అని లోలోపల అనుకుంటూ బురుల్ టీనీళ్ళు కాగుతున్న సమోవార్ కొళాయి కింద గిన్నె పట్టింది, నిండగానే పక్కకి అందించింది, ఇంకోటి పట్టింది. అరవై ఒక్క ఏళ్ళొచ్చినా ఈ ఇంటి విందుల్లో ఆమె చోటు తలుపు దగ్గరే, టీ పోసే చోటే. ఎదురుగోడ దగ్గర అయిదు పరుపులు ఒకదానిమీద ఒకటి వేసిన ఎత్తు మీద, కొత్త తొట్టె పక్కన, మహారాణిలా కూర్చుంది పెద్దబడి వదిన. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై రోజుల ముని మనవణ్ణి ఇవాళ మొదటిసారి తొట్టెలో పడుకోబెట్టి పట్టీలు కట్టాల్సింది ఆవిడే. చోల్పోన్ ఆ పిల్లాడి తల్లి, ఆవిడ మనవడి పెళ్ళాం. వాకిట్లో పొయ్యిమీద గొర్రె ఉడుకుతోంది, దాని షోర్వా రావడానికి ఇంకో గంట పడుతుందట.

గంట. బురుల్ గోడ మీది గడియారం చూసింది, చూసినట్టు ఎవరికీ తెలియకూడదన్నట్టు వెంటనే చూపు దించుకుంది. పావుగంట కిందటే కదా ఆవిడ రవికె జేబులోంచి రుమాలు తీసి, ముడి విప్పి, అందరికీ కనబడేలా అరచేతిలో పెట్టి చూపించింది. “చూడండర్రా! నిన్న పొద్దున్న మింగిన బీపీ బిళ్ళ. ఇవాళ పొద్దున్న దిగింది. గీత కూడా పడలేదు. మళ్ళీ డబ్బాలో పెట్టి అమ్ముకోవచ్చు!” గదిలో ఉన్న పదిహేను మంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. “ఛీఛీ, తినేచోట ఏంటి అపా అది!” అని ఎవరో ఆ పెద్దావిణ్ణి గదమాయిస్తూ ముక్కు మూసుకుంటే, “తినేచోట కాకపోతే ఎక్కడ చూపించనే? కడిగాలే, రెండుసార్లు వేణ్ణీళ్ళతో,” అంది. తర్వాత చోల్పోన్ మీద పడింది. “ఎక్కడ కొన్నావే ఇది?” “బజారు పక్క దుకాణంలోనే అపా, పట్నం డాక్టరు రాసిందే ఇచ్చారు.” “ఇచ్చారు, నువ్వు తెచ్చావు! మొద్దుమొహమా! పో, ఇవాళ్టిది దంచి పట్రా. పొడిచేస్తే ఎలా బయటికొస్తుందో నేనూ చూస్తా. వేడివేడి షోర్వాలో కలుపుకుని తాగితే ఒంటికి పట్టక ఛస్తుందా?” ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అప్పుడు పెద్దబడి వదిన చూపు మెల్లగా తలుపు దాకా వచ్చి ఆగింది. “మన ఇంట్లోనూ ఒకావిడ ఉంది. ఆవిడ కొట్లోనైతే ఇలాంటి బిళ్ళలు బస్తాలకొద్దీ దొరికేవి.” మళ్ళీ నవ్వులు, ఈసారి కాస్త తగ్గించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. బురుల్ కూడా నవ్వింది. పన్నెండేళ్ళుగా ఆ నవ్వు అలవాటైపోయింది, పెదవులు వాటంతటవే సాగుతాయి.

పెద్దబడి వదిన అన్నది ఆవిడ పేరు కాదు. భర్త తరఫు పెద్దవాళ్ళ పేరు కోడళ్ళు నోటితో అనకూడదు, ఇంకో పేరేదైనా అల్లుకోవాలి. పెళ్ళయిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ బురుల్ ఈ నరిన్ ఊళ్ళోకి వచ్చినప్పుడు, భర్త కెనెష్‌కి అక్క అయిన ఈవిడ పెద్దబడిలో హెడ్మాస్టరమ్మ. అందుకని పెద్దబడి వదిన. ఎంత ముచ్చటగా అల్లింది కొత్తకోడలు అని అప్పుడు అత్తగారు మురిసిపోయింది కూడా. ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఒంటరిగా ఆవుపాలు పితుకుతున్నప్పుడు కూడా ఆ అసలు పేరు నోట్లోంచి రాలేదు. తిట్టుకోవడానికి కూడా రాలేదు, అదీ విచిత్రం. ఎన్నిసార్లు పళ్ళు పటపట కొరుక్కుంటూ శపించిందో, ప్రతిసారీ ‘పెద్దబడి వదినా, నీ నోరు పడిపోనూ’ అనే. పగవాళ్ళని కూడా మర్యాదగా పిలిచి తిట్టుకోవాల్సిన బతుకు ఇంకెవరికుంటుంది?

రోలు చప్పుడు మారింది. పై పొర పగిలింది, ఇప్పుడు మెత్తగా, గరగరమంటోంది. పన్నెండేళ్ళ కిందటా ఇలాగే, ఆ రుమాలు కూడా ఇలాంటి తెల్లదే, అంచుకి నీలం పూలు. ఎవరిదో పెళ్ళి విందు, ఊళ్ళో సగం మంది ఉన్నారు, అందులో సగానికి సగం ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు. బజారు మలుపులో బురుల్‌కి చిన్న మందుల కొట్టు ఉండేది. కిటికీ అంత కొట్టు. తలనొప్పికీ, పిల్లల జ్వరానికీ, ముసలాళ్ళ మోకాళ్ళకీ ఊరంతా ఆ కిటికీ దగ్గరికే వచ్చేవారు. పట్నంలో అయిదేళ్ళు చదివి తెచ్చుకున్న తెల్లకోటు వేసుకుని ఆ కిటికీలో నిలబడితే తన కళ్ళకి తనే ఎంత బాగుండేదో. ఆ పెళ్ళిలో ఆవిడ రుమాలు విప్పి, “లేచి నిలబడు బురుల్,” అంది. లేచింది. నలభై తొమ్మిదేళ్ళ ఆడది, ముగ్గురు పిల్లల తల్లి, ఆవిడ బళ్ళో ఒక్కరోజు చదవనిది, చిన్నపిల్లలా లేచి నిలబడింది. “ఈ బిళ్ళల పట్టీ నువ్విచ్చిందేనా? దీని మీద ఏముందో చదువు. గట్టిగా. వెనకవాళ్ళకి వినబడాలి.” చదివింది. మందు పేరు, తయారైన తేదీ, అన్నీ. గొంతు వణికింది. “ఇప్పుడు ఇది చూడు. ఇది మందా, సుద్దముక్కా? పొట్టలోకి పోయిన మందు చెక్కు చెదరకుండా బయటికొస్తుందా? నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు.” బురుల్ చెప్పలేకపోయింది. ఎందుకంటే ఆమెకీ తెలియదు. అదే, అదే, పన్నెండేళ్ళుగా లోపల గుచ్చుకుంటున్నది అదే. తను చదివిన రోజుల్లో బిళ్ళంటే బిళ్ళే, నీళ్ళలో వేస్తే కరిగేది. ఆ క్షణంలో తనకీ అనుమానం వచ్చింది, నాకెవరో సుద్దముక్కలు అంటగట్టారా అని. ఆ అనుమానం ముఖంలో కనబడింది. అందరూ చూశారు.

కెనెష్ ఏం చేశాడు? మగవాళ్ళ వైపు కూర్చుని తొడ ఎముక చీకుతున్నాడు. తల ఎత్తలేదు. ఇంటికెళ్ళాక బూట్లు విప్పుకుంటూ, “అక్క నోరు నీకు తెలుసుగా. రెండ్రోజులు ఊరుకో, అందరూ మర్చిపోతారు,” అన్నాడు. ఎవరూ మర్చిపోలేదు. సుద్దమందుల బురుల్ అన్నారు. కిటికీ ముందు నిలబడేవాళ్ళు కిటికీ దాటి పోయారు, తలనొప్పికి కూడా అవతలి వీధికి పోయారు. మూడు నెలల్లో కొట్టు మూసేసింది. జిల్లా ఆసుపత్రి గోడౌన్లో అట్టపెట్టెలు మోసే పని దొరికింది, ఇప్పటికీ అదే. కెనెష్ పోయి నాలుగేళ్ళయింది. కొండవాలులో పడుకున్నాడు, నోరు మెదపకుండా, బతికినట్టే. అతన్ని తలుచుకుంటే ఏడుపు రావాలి కదా, వస్తుంది, కానీ దానికంటే ముందు ఆ ఎముక చీకిన చప్పుడు వినబడుతుంది.

ఎముకలు. ఇంకాసేపట్లో అవీ వస్తాయి. ఎవరికి ఏ ఎముక వేస్తే వాళ్ళ విలువ అంత, దాని గురించి ఎవరూ నోరెత్తి మాట్లాడరు, ముందుకొచ్చిన గిన్నెలోకి చూసుకుంటే చాలు. తోక దగ్గరి ఎముక పెద్దబడి వదినకి. అంతకన్నా చిన్నవాళ్ళకి నడుం, తొడ. ముంగాలి ఎముక నిన్నగాక మొన్న వచ్చిన కోడళ్ళకి. ఆ పెళ్ళి నుంచి ఇవాళ్టిదాకా, ఏ ఇంట్లో ఏ విందైనా, బురుల్ గిన్నెలో ముంగాలి ఎముకే. మొదటిసారి ఎవరో పొరపాటున వేశారనుకుంది. రెండోసారి చుట్టూ చూసింది, అందరూ తమ గిన్నెల్లోకి తలొంచుకుని తింటున్నారు. మూడోసారి నుంచి తనూ తలొంచుకుంది.

చోల్పోన్ వచ్చింది. తెల్లగిన్నె అడుగున చిటికెడు పొడి, గులాబీ రంగు పెచ్చులు కలిసి ఉన్నాయి. పెద్దబడి వదిన దాన్ని అటూ ఇటూ వంచి చూసి, సంతృప్తిగా తలాడించి, మోకాలి పక్కన పెట్టుకుంది. “అదీ! ఇప్పుడు చూద్దాం. షోర్వా రానీ.” పొడి అక్కడుంది. ఒక రోజు మందు అది. పొద్దున్నుంచి మర్నాటి పొద్దుటిదాకా, నిద్రలో కూడా, బొట్టు బొట్టుగా పడాల్సిన మందు. ఒక్క గుక్కలో పోతుంది. ముందు ముఖం ఎర్రబడుతుంది. అందరూ షోర్వా వేడికనుకుంటారు. గుండె దడదడలాడుతుంది, పిల్లాణ్ణి చూసిన సంతోషం అనుకుంటారు. తర్వాత ఆవిడ తొట్టె దగ్గరికి లేస్తుంది. లేచినచోటే నేల జారిపోతుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ గుండె, ఈ కొండ ఊరు, ఆసుపత్రి బండి వచ్చేసరికి... ఒక్కొక్కటే లెక్కపెడుతున్న బురుల్ వేళ్ళు అది మానేసి గిన్నె కడగడం మొదలుపెట్టాయి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాయి. నేనేం చేశాను? నేను దంచలేదు. నేను ఇమ్మనలేదు. నన్నెవరైనా అడిగారా? సుద్దమందుల బురుల్‌ని మందు గురించి ఎవరడుగుతారు? నోరు మూసుకుని కూర్చోమన్నది మీరే, కూర్చున్నాను. పిల్లాడు! ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని పడితే? ఆ ఆలోచన రాగానే ఒళ్ళు జలదరించింది. కానీ వెంటనే, అంతే వేగంగా, దానికో దారి దొరికింది. తను ముందే లేచి తొట్టె దగ్గరికి వెళ్తుంది, పట్టీలు అందిస్తున్నట్టు నిలబడుతుంది, ఆవిడ ముఖం పాలిపోగానే పిల్లాణ్ణి అందుకుంటుంది. ఎంత చక్కగా ఆలోచిస్తున్నావే బురుల్, అనుకుంది. తనని చూసి తనకే భయం వేసింది. భయం వేసినా ఆలోచన ఆగలేదు.

ఒళ్ళో చేతిసంచీ ఉంది. దాని లోపలి జేబులో ఒక కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగి, జిగురు టేపు అంటించి, ఆ టేపు కూడా పసుపెక్కింది. ఏ విందుకు వెళ్ళినా అది వెంటే వస్తుంది. బజారు జనం డబ్బా మొత్తం కొనరు, బిళ్ళల పట్టీలు రెండో మూడో కోసిమ్మంటారు. పట్టీలు పోగా డబ్బాలో మిగిలిన, మందు వాడే పద్ధతి రాసుండే మడతకాగితాలు బురుల్ ఒక బుట్టలో పడేసి పొయ్యి రాజేయడానికి వాడేది. అందరు కొట్టువాళ్ళూ అంతే చేస్తారు. కొట్టు మూసేసిన రోజు, ఆ చలికి ఆఖరిసారి పొయ్యి వెలిగిస్తూ, అగ్గిపుల్ల గీసి ఒక కాగితం అంటించబోతే ఆ మంట వెలుగులో కనబడింది. చీమతలలంత రష్యన్ అక్షరాలు. చివర్నుంచి మూడో వాక్యం. ఊది ఆర్పి, కాలిన అంచుతోనే చదివింది, నేల మీద కూలబడి మళ్ళీ చదివింది. అది వట్టి బిళ్ళ కాదు, చిన్న సంచి లాంటిది. దానికి ఒకపక్క సూదిమొనంత చిల్లు. పొట్టలోని నీరు లోపలికి ఇంకుతుంది, లోపలి పొర ఉబ్బి మందుని ఆ చిల్లులోంచి కొంచెం కొంచెంగా బయటికి నెడుతుంది, పనైపోయాక ఖాళీ సంచి పేగుల వెంట నడిచి బయటికి పోతుంది. మూడు నెలలు పొయ్యిలో ఎన్ని కాగితాలు తగలబెట్టింది! ఆ పెళ్ళికి ముందురోజు కూడా తగలబెట్టింది. జవాబు తన చేతుల్లోనే బూడిదైంది. చెబుదామని ఒకటి రెండు ఇళ్ళకి వెళ్ళింది కూడా. “అబ్బ, ఇంకా ఆ దొడ్డికెళ్ళిన బిళ్ళ గోల దేనికమ్మా, టీ తాగు,” అన్నారు. ఆవిడ రుమాల్లో కట్టుకుని పెళ్ళి పందిట్లోకి తెస్తే వినోదం, ఈమె నోటితో చెబితే రోత.

ఇంకో ఇరవై నిమిషాలు. వాకిట్లోంచి షోర్వా వాసన, ఉల్లిపాయ వాసన. ఆవిడ చచ్చిపోతే ఏమవుతుంది? శవాన్ని ఉంచడానికి వాకిట్లో గుడారం వేస్తారు. ఆడవాళ్ళందరూ గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పాడాలి, మరదలు కాబట్టి ముందు తనే ఎత్తుకోవాలి. ఊరికి వెలుగువి, చదువుల తల్లివి, అని. పాడతాను. ఏడుస్తాను కూడా, బ్రహ్మాండంగా ఏడుస్తాను, ఇంత ఏడుపు ఎవరికోసం దాచుకున్నాను! ఆవిణ్ణి కెనెష్ పక్కనే పెడతారు. తర్వాత నలభయ్యో రోజు, ఏడాదికి మళ్ళీ విందు. అప్పుడు ఏమనుకుంటారు? ‘పాపం, ఆ నకిలీ మందే మింగింది పెద్దావిణ్ణి. ఎప్పుడో పన్నెండేళ్ళ కిందటే చెప్పింది కదా ఆవిడ, మందుల కొట్లవాళ్ళంతా దొంగలని.’ బురుల్ చేతిలో గిన్నె ఆగిపోయింది. చెప్పింది కదా అంటారు. ఎవరు కొన్నారు? చోల్పోన్. ఎవరు దంచారు? చోల్పోన్. ఆ పిల్లకి ముంగాలి ఎముక ఇంకో ముప్ఫై ఏళ్ళు. సరే, ఆ పిల్ల సంగతి ఆ పిల్ల చూసుకుంటుంది, నన్నెవరు చూశారు గనక? కానీ ఆవిడ! ఆవిడ తనదే రైటని అనుకుంటూ పోతుంది. రుమాల్లో సుద్దముక్క కట్టుకుని, తెలివైనదాన్నని మురిసిపోతూ, అందరూ ఏడుస్తుండగా, ఈ పరుపుల మీదే హాయిగా కన్నుమూస్తుంది. తప్పు తనదని ఒక్క క్షణమైనా తెలియకుండా. చచ్చిన మనిషి చేత ఏం ఒప్పించగలం? శవానికి కాగితం చదివి వినిపించాలా?

వద్దు. అలా పోనివ్వను. బురుల్‌కి గుండెల్లో ఏదో ఒక్కసారిగా తేటపడింది, అది జాలి కాదు, జాలి అయితే తనకి తెలిసేది. ఆవిడ బతకాలి. పదేళ్ళు బతకాలి. రోజూ పొద్దున్నే ఆ బిళ్ళ నమలకుండా, దంచకుండా, నీళ్ళతో గుటుక్కున మింగాలి. మర్నాడు పొద్దున్నే వంగి ఆ ఖాళీ తొక్క చూసుకోవాలి. చూసిన ప్రతిసారీ నన్ను తలుచుకోవాలి. రోజుకొకటి చొప్పున, ఒక్కరోజు తప్పకుండా.

తలుపు తెరుచుకుంది. చోల్పోన్ పొగలు కక్కుతున్న గిన్నె రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. పెద్దబడి వదిన పొడి ఉన్న గిన్నెలోకి షోర్వా పోయించుకుంది, చెంచాతో తిప్పింది, గులాబీ పెచ్చులు కొవ్వు చుక్కల మధ్య తేలాయి. “బిస్మిల్లా,” అని గిన్నె ఎత్తింది. వదినా అని పిలవాలని బురుల్ నోరు తెరిచింది. వదినా అంటే ఈ గదిలో అరడజను మంది వదినలు తిరుగుతారు, ఆవిడ మాత్రం తిరగదు, తలుపు దగ్గరి గొంతుకి ఆవిడెప్పుడూ తిరగలేదు.

“ఉల్కాన్!”

తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. ముప్ఫై తొమ్మిదేళ్ళు లోపల పడి ఉన్న పేరు అంత గట్టిగా వస్తుందని బురుల్ కూడా అనుకోలేదు. పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. గిన్నె ఆవిడ పెదవి దగ్గరే ఆగింది. బురుల్ లేచింది. చుట్టూ తిరిగి వెళ్ళే తీరిక లేదు, భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీదుగా, రొట్టెల్నీ పండ్ల జామ్ గిన్నెల్నీ దాటుకుంటూ, ఏ ఆడదీ వెయ్యని అడుగులు వేసి వెళ్ళి, ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కుంది. వేడి షోర్వా మణికట్టు మీద ఒలికింది. మంట తెలియలేదు.

“నీకు మతి గానీ పోయిందా?” అంది ఆవిడ. “పెద్దా చిన్నా లేదూ? పేరు పెట్టి...”

“మతి పోలేదు. ఇది తాగితే నీ ప్రాణం పోయేది,” అంది బురుల్. మీరు పోయి నువ్వు వచ్చేసిందని తన చెవులకే వినబడింది. “రోజంతా కొంచెం కొంచెంగా పడాల్సిన మందు ఇది. దంచితే మొత్తం ఒకేసారి పడుతుంది. పిల్లాణ్ణెత్తుకుని లేద్దువు, లేచినచోటే కుప్పకూలుదువు.”

“ఆహా, డాక్టరమ్మ! ఎక్కడ రాసుందట?”

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న. బురుల్ సంచీ జేబులోంచి కాగితం తీసింది. మడతలు విప్పుతుంటే అంచు నుంచి మసి రాలి ఆవిడ పట్టు పావడా మీద పడింది. “చోల్పోన్, మీ అపాకి కళ్ళద్దాలు ఇవ్వమ్మా. ఆ డబ్బాలో కూడా ఇలాంటిదే ఉంటుంది, తీసుకురా, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది.” ఆ పిల్ల పరిగెత్తింది. ఉల్కాన్ కళ్ళద్దాలు పెట్టుకుంది. కాగితం ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, దూరం జరుపుకుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని పెదవులు కదిపింది. దంచరాదు అన్న చోట వేలు ఆగింది. కింది వాక్యానికి జారింది, ఖాళీ పొర మలంలో కనిపించవచ్చు అన్న చోట మళ్ళీ ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మెడ మీద నరం కొట్టుకోవడం బురుల్‌కి కనబడుతోంది. పదిహేను మంది ఆడవాళ్ళు టీ గిన్నెలు పట్టుకుని, తాగకుండా చూస్తున్నారు. ఆవిడ కాగితం మడవబోయింది.

బురుల్ ఆ అయిదు పరుపుల మీద, ఆవిడ పక్కనే, కాళ్ళు మడిచి కూర్చుంది. షోర్వా గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

“మడవకు. పైకి చదువు,” అంది. “గట్టిగా. వెనకవాళ్ళకి వినబడాలి.”

ఉల్కాన్ ఒకసారి తలుపు దాకా, అందరి ముఖాలూ చూసింది. ఎవరూ తల దించుకోలేదు. కాగితం మళ్ళీ విప్పి, వణుకుతున్న గొంతుతో మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టింది.